తరుగని నిధులు

వరంగల్లునకు ఈశాన్యముగా సుమారు 100 కిలోమీటర్ల దూరమున, గోదావరి ఒడ్డున ఏటూరునాగారము కలదు. ములుగు దాటిన పిమ్మట బాటకు ఇరుప్రక్కల టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్లు దట్టముగా కనబడును. ఈ అరణ్యములో పెద్దభాగమును ప్రభుత్వము వన్యమృగ సంరక్షణ కేంద్రముగా ప్రకటించినది. కోయలును, నాయకపోడులును తరతరములుగా ఇచ్చట నివసించుచున్నారు. మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి నదుల నీటిని తనలో కలుపుకొని, గోదావరి ఇచ్చటికి పెనునదియై వచ్చుచున్నది.

ఈ ప్రాంతముననే, గంగారము గ్రామమువద్ద, దేవాదుల ఎత్తిపోతల పథకము ఆరంభమగుచున్నది. నది పల్లమున ప్రవహించుచున్నది. నీటికై ఎదురుచూచు వరంగల్లు, జనగామ ప్రాంతముల పొలములు మెట్టమీద నున్నవి. కావున పెద్ద పంపులు నదీజలమును పీల్చి, గొట్టముల ద్వారా మెట్టకు ఎక్కించుచున్నవి. నీరు తనంతట తాను పల్లమునకే పోవును. దానిని మిఱ్ఱునకు ఎక్కించుటకు శక్తి కావలెను. ఆ శక్తియే విద్యుచ్ఛక్తి.

ఎంత విద్యుత్తు కావలెనో లెక్క కట్టి చూతము. ఒక కిలోవాటు యంత్రము ఒక గంటసేపు పనిచేసినచో ఖర్చగు విద్యుత్తును యూనిటు అందురు. వేయి లీటర్ల నీటిని 100 మీటర్ల ఎత్తునకు చేర్చుటకు, యంత్రములలో నష్టమేమియు లేదనుకొన్నను, యూనిటులో నాలుగవ వంతునకు మించి కావలెను. ఇది స్వల్పముగనే తోచును. కాని నదీజలమును మనము టి.ఎం.సి.లలో కొలుచుచున్నాము. ఒక టి.ఎం.సి. అనగా శతకోటి ఘనపుటడుగులు. అంత నీటిని 100 మీటర్లు ఎత్తుటకు సుమారు 77 లక్షల యూనిట్లు కావలెను. ఒక్క పథకమునకే ఇంత విద్యుత్తు అవసరమైనచో, రాష్ట్రములోని ఇండ్లకు, పొలములకు, కర్మాగారములకు ఎంత కావలెనో మీరే ఊహింపుడు. ఈ విద్యుత్తు ఎచ్చట పుట్టుచున్నది? ఎంతకాలము లభించును? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము తెలిసికొనుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

విద్యుత్తును పుట్టించు విధానమును 1831లో మైకేలు ఫారడే అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కనుగొనెను. రాగితీగ చుట్టకు దగ్గరగా అయస్కాంతమును కదలించినచో, ఆ తీగలో విద్యుత్తు ప్రవహించును. అయస్కాంతము నిలిచినచో ప్రవాహమును నిలిచిపోవును. నేటి జనరేటరులన్నియు ఈ సూత్రముమీదనే పనిచేయుచున్నవి. చక్రము తిరుగవలెను, దానితోపాటు అయస్కాంతము తిరుగవలెను, అప్పుడు చుట్టలో విద్యుత్తు పుట్టును. ఇట్లు తిరుగు చక్రమునకు టర్బైను అని పేరు. కావున విద్యుత్తును గూర్చి మనము అడుగవలసిన మొదటి ప్రశ్న ఇది: చక్రమును త్రిప్పువారెవరు?

మన ప్రాంతమున ఆ పనిని అధికముగా బొగ్గు చేయుచున్నది. భూపాలపల్లికి సమీపమున చెల్పూరువద్ద కాకతీయ ఉష్ణవిద్యుత్కేంద్రము కలదు. అందు 500 మెగావాట్ల యంత్రమొకటి, 600 మెగావాట్ల యంత్రమొకటి ఉన్నవి. మెగావాటు అనగా వేయి కిలోవాట్లు. బొగ్గును పొడిచేసి కొలిమిలో మండింతురు. ఆ వేడిమికి నీరు ఆవిరియై, మిక్కిలి ఒత్తిడితో టర్బైనును త్రిప్పును. 500 మెగావాట్ల యంత్రము పూర్తిశక్తితో ఒక గంట పనిచేసినచో 5 లక్షల యూనిట్ల విద్యుత్తు పుట్టును. అందుకు సుమారు 300 టన్నుల బొగ్గు బూడిద యగును.

ఆ బొగ్గు ఎట్లు కలిగినది? 25 కోట్ల సంవత్సరములకు పూర్వము ఈ గోదావరి లోయలో మహారణ్యములు ఉండెడివి. ఆ చెట్లు కూలి, బురదలో పూడి, మట్టిపొరల బరువునకు, భూమిలోని వేడిమికి క్రమముగా బొగ్గుగా మారినవి. 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున ఈ బొగ్గును గుర్తించెను. 1889లో త్రవ్వకము ఆరంభమయ్యెను. అదియే నేటి సింగరేణి. దక్షిణ దేశమునందలి ఎన్నో రైళ్లు, మిల్లులు, విద్యుత్కేంద్రములు ఆ బొగ్గుతో నడిచినవి. గని కార్మికుల శ్రమకు మనము ఎంతయో ఋణపడియున్నాము. కాని కోట్ల సంవత్సరములలో ఏర్పడిన బొగ్గును మనము గంటలలో కాల్చివేయుచున్నాము. కాలిన బొగ్గు మరల పుట్టదు. పైగా దానినుండి వెలువడు బొగ్గుపులుసు వాయువు ఆకాశమునందు చేరి, భూమి వేడిమిని కప్పటివలె నిలిపివేయుచున్నది. అందువలన ఎండలు మిక్కుటమగుచున్నవి, వర్షములు వేళతప్పుచున్నవి.

అడవిలో నివసించువారికి ఒక నీతి బాగుగా తెలియును. తునికాకు కోయువారు ఆకును కోయుదురు గాని చెట్టును కూలగొట్టరు. ఆకు మరుసటి ఏట మరల చిగుర్చును. ఇప్పపువ్వును, రాలినదానిని ఏరుకొందురు. చెట్టును నరికినచో వచ్చు సంవత్సరము పువ్వు లేదు. ఆకు, పువ్వు ఏటేటా వచ్చు ఆదాయము వంటివి. చెట్టు మూలధనము వంటిది. ఆదాయముతో బ్రదుకువాడు చిరకాలము బ్రదుకును. మూలధనమును తినివేయువాడు కొంతకాలము సుఖముగనే యుండి, పిదప చేతులు చాచును. బొగ్గు, కిరసనాయిలు, పెట్రోలు మన మూలధనము. ఎండ, గాలి, పారు నీరు, భూగర్భమందలి వేడిమి, పశువుల పేడ—ఇవి ప్రకృతి ఎడతెగక ఇచ్చు ఆదాయము. కావుననే వీనిని తరుగని శక్తి వనరులు లేక పునరుత్పాదక శక్తి వనరులు అందురు. వీనిలో నొక్కొక్కటి విద్యుత్తును ఎట్లు పుట్టించునో చూతము.

మొదటిది నీరు. గంగారమువద్ద విద్యుత్తును ఖర్చుచేసి నీటిని ఎత్తుచున్నాము గదా! దానిని త్రిప్పి చూచినచో జలవిద్యుత్తు అర్థమగును. ఎత్తుననున్న నీరు క్రిందికి దిగునప్పుడు, దానిని ఎత్తుటకైన శక్తిని తిరిగి యిచ్చివేయును. సముద్రజలమును ఆవిరిగా మార్చి, మేఘముగా కొండలపైకి చేర్చువాడు సూర్యుడు. మనము ఆ నీటిని దారిలో ఆపి, చక్రముమీదుగా దింపుదుము. అంతియే. సీలేరు నది తూర్పు కనుమలలో పుట్టి శబరిలోను, శబరి గోదావరిలోను కలియుచున్నవి. ఆ సీలేరుమీద మోతుగూడెమువద్ద దిగువ సీలేరు కేంద్రమును 460 మెగావాట్ల శక్తితో నిర్మించిరి. కృష్ణానదిమీద నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 124 మీటర్ల ఎత్తుగల ఆ ఆనకట్ట పొలములకు నీటిని, ఊళ్లకు విద్యుత్తును ఇచ్చుచున్నది.

గోదావరి ఏటూరునాగారము ప్రక్కనే పారుచున్నను, ఇచ్చట పెద్ద జలవిద్యుత్కేంద్రము లేకుండుటకు కారణమేమని మీరడుగవచ్చును. నీరు విస్తారముగా నున్నంత మాత్రమున చాలదు. అది ఎత్తునుండి పడవలెను. ఇచ్చట నది సమతలమున మెల్లగా సాగుచున్నది. వంద అడుగుల ఎత్తునుండి పడు ఏరు, పది అడుగుల ఎత్తునుండి పడు అంతే ఏటికంటె పదిరెట్లు శక్తి నిచ్చును.

రెండవది గాలి. గాలికి ఎంత బలమున్నదో ఈ ప్రాంతపు వారికి చెప్పనక్కరలేదు. 2024 ఆగస్టు 31వ తేదీన తాడ్వాయి, మేడారము అడవులలో వీచిన పెనుగాలికి వేలకొలది వృక్షములు కూకటివేళ్లతో కూలిపోయినవి. సూర్యుని వేడిమికి నేల కొన్నిచోట్ల అధికముగను, కొన్నిచోట్ల తక్కువగను కాగును. కాగిన గాలి తేలికయై పైకి పోగా, చల్లని గాలి ఆ చోటికి పరుగెత్తును. ఆ పరుగే వీచు గాలి. గాలిమరకు పొడవైన రెక్కలు మూడుండును. గాలి తాకిడికి రెక్కలు తిరుగగా, వాని వెనుకనున్న జనరేటరు విద్యుత్తును పుట్టించును. ఇందొక విశేషము కలదు. గాలివేగము రెండింతలైనచో దానినుండి లభించు శక్తి రెండింతలు గాదు, ఎనిమిదింతలగును. కావున ఏనాడో ఒకనాడు వచ్చు తుపాను గాలిమరకు పనికిరాదు. ఏడాదిలో అనేక మాసములు నిలుకడగా వీచు గాలి కావలెను. అట్టి గాలి రాయలసీమ కొండలమీద లభించుచున్నది. అందుచేతనే అనంతపురము ప్రాంతమున రామగిరి మొదలగుచోట్ల గాలిమరలు వరుసలు తీరి నిలిచియున్నవి.

మూడవది ఎండ. నీటిని, గాలిని నడుపువాడు సూర్యుడే యైనప్పుడు, నేరుగా సూర్యునినుండియే విద్యుత్తును గ్రహింపరాదా? గ్రహింపవచ్చును. ఇందు తిరుగు చక్రమే లేదు. ఇసుకనుండి తీసిన సిలికాను అను పదార్థమును పలుచని బిళ్లలుగా కోసి, రెండు విధములైన పొరలుగా అమర్చుదురు. వెలుతురు తాకినప్పుడు ఆ పదార్థమందలి ఎలక్ట్రానులు చోటు విడిచి, ఒకే దిక్కునకు కదలును. ఆ కదలికయే విద్యుత్తు. ఇట్టి బిళ్లలను అద్దముక్రింద కూర్చినచో సౌరఫలకమగును. దానినుండి వచ్చు ఏకముఖ విద్యుత్తును మన ఇండ్లలో వాడు విద్యుత్తుగా మార్చుటకు ఇన్వర్టరు అను సాధనము తోడ్పడును. నిండుగా ఎండకాయు మధ్యాహ్నమున చదరపు మీటరు చోటుపై సుమారు 1000 వాట్ల శక్తి పడును. నేటి మంచి ఫలకములు అందు అయిదవ వంతును విద్యుత్తుగా మార్చగలవు.

గోదావరి ఎగువకు పోయినచో, రామగుండమువద్ద దీనికి చక్కని ఉదాహరణము కనబడును. అచ్చటి ఎన్.టి.పి.సి. బొగ్గు విద్యుత్కేంద్రపు జలాశయములో, నీటిమీదనే, 100 మెగావాట్ల సౌరకేంద్రమును నిర్మించిరి. అది 2022 జులై 1వ తేదీనుండి పూర్తిగా పనిచేయ నారంభించెను. సుమారు 500 ఎకరముల విస్తీర్ణమున 40 తెప్పలవంటి భాగములు తేలుచుండును. ఒక్కొక్క దానిమీద 11,200 ఫలకములు కలవు. అవి గాలికి కొట్టుకొనిపోకుండ, నీటి అడుగున పరచిన కాంక్రీటు దిమ్మెలకు కట్టబడియున్నవి. నీటిమీద నుండుటచే సాగుభూమి వృథా కాదు. నీటి చల్లదనమువలన ఫలకములు అధికముగా కాగక బాగుగా పనిచేయును. ఫలకముల నీడవలన ఏటా 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండ మిగులుననియు, 1,65,000 టన్నుల బొగ్గు ఆదా యగుననియు అంచనా. బొగ్గు కేంద్రముయొక్క చెరువులోనే బొగ్గును ఆదాచేయు కేంద్రము వెలయుట గమనింపదగిన విషయము. రాయలసీమలోని కర్నూలు సౌరపార్కు 1000 మెగావాట్ల శక్తి గలది. బొగ్గును త్రవ్వు సింగరేణి సంస్థయు మణుగూరు, ఇల్లెందు ప్రాంతములలో సౌరకేంద్రములను స్థాపించినది.

నాలుగవది భూతాపము. ఏటూరునాగారము నుండి గోదావరి వెంట దిగువకు పోయినచో మణుగూరు వచ్చును. అచ్చటికి సమీపమునగల పగిడేరులో, భూమిలోతునుండి వేడినీరు తనంతట తాను పైకి ఉబికి వచ్చుచున్నది. భూగర్భము మిక్కిలి వేడిగా నుండుటయే ఇందుకు కారణము. ఈ నీరు మరగు నీరంత వేడిగా లేదు. కావున దాని ఆవిరితో టర్బైను తిరుగదు. అందుచేత శాస్త్రజ్ఞులు ఒక ఉపాయము పన్నిరి. నీటికంటె త్వరగా మరగు మరియొక ద్రవమును గొట్టములలో నింపి, ఈ వేడినీటితో దానిని మరగింతురు. ఆ ద్రవపు ఆవిరి టర్బైనును త్రిప్పి, చల్లబడి, మరల ద్రవమై తొలిచోటికి వచ్చును. ఇట్టి 20 కిలోవాట్ల ప్రయోగ కేంద్రమును సింగరేణి సంస్థ పగిడేరులో 2022లో నెలకొల్పెను. 20 కిలోవాట్లనగా చిన్నదియే. కాని ఎండ లేనప్పుడును, గాలి వీవనప్పుడును, రేయింబవళ్లు భూతాపము పనిచేయగలదు.

అయిదవది మన పెరటిలోనే యున్నది. పశువుల పేడను నీటితో కలిపి, గాలి చొరని తొట్టిలో నిలువచేసినచో, అందలి సూక్ష్మజీవులు దానిని కుళ్లజేయును. అప్పుడు మండెడు వాయువు పుట్టును. ఇదియే గోబరు గ్యాసు. దీనితో వంట చేయవచ్చును. యంత్రమును నడిపి విద్యుత్తును పుట్టింపవచ్చును. మిగిలిన ముద్ద పొలమునకు మంచి ఎరువు. వంటచెరకును ఈ కోవలోనే చేర్చవచ్చును. కాని ఒక నియమము కలదు. చెట్టు పెరుగు వేగముకంటె నరుకు వేగము హెచ్చినచో, అది ఆదాయము కాదు, మూలధనమే యగును.

ఇంతవరకు గుణములను చెప్పుకొంటిమి. లోపములను దాచుట న్యాయము కాదు. ఎండ రాత్రి యుండదు. మబ్బు పట్టినచో తగ్గును. గాలి మన ఇష్టమున వీవదు. 100 మెగావాట్ల సౌరకేంద్రము ఏడాది మొత్తముమీద, అదే శక్తిగల యంత్రము ఎడతెగక పనిచేసినచో ఇచ్చు విద్యుత్తులో అయిదవ వంతో, నాలుగవ వంతో మాత్రమే ఇచ్చును. కావున పగటి విద్యుత్తును రాత్రికి దాచుకొను మార్గము కావలెను. బ్యాటరీలు ఒక మార్గము. రెండవది నీటినే బ్యాటరీగా వాడుట. శ్రీశైలము ఎడమగట్టున భూగర్భములో నిర్మించిన కేంద్రమునందు 150 మెగావాట్ల యంత్రములు 6 కలవు. అవి రెండు విధముల తిరుగగలవు. విద్యుత్తు చాలనప్పుడు పైనీటిని దింపి విద్యుత్తు నిచ్చును. విద్యుత్తు మిగిలినప్పుడు పంపులై, క్రింది నీటిని మరల పైకి ఎక్కించును. నాగార్జునసాగరము ప్రధాన కేంద్రములోని 8 యంత్రములలో 7 ఇట్టివే. ఎక్కించుటలోను, దించుటలోను కొంత శక్తి నష్టమగును. అయినను, ఒడ్డున పడవేసిన ధాన్యముకంటె గాదెలో దాచిన ధాన్యము మేలు గదా!

మరియొక లోపము ఇంతకంటె పెద్దది. తరుగని శక్తి యనగా వెలలేని శక్తి యని తలపరాదు. గోదావరిమీద పోలవరమువద్ద నిర్మింపబడుచున్న ఆనకట్టకు 960 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రమును కూర్చుచున్నారు. నీరు నిలుచుటకు లోయ కావలెను. ఆ లోయలో ఊళ్లు ఉన్నవి. వేలకొలది కోయ, కొండరెడ్డి కుటుంబములు తాతలనాటి ఇండ్లను, వేల్పుల చెట్లను విడువవలసివచ్చెను. దూరపు నగరములో దీపము వెలుగుటకు ఎచ్చటనో ఒక పొయ్యి చల్లారుచున్నచో, ఆ లెక్కనుకూడ వ్రాసికొనవలెను. సౌరఫలకములకు భూమి కావలెను. గాలిమరలకు కొండలు కావలెను. పాడైన ఫలకములను, బ్యాటరీలను భద్రముగా తొలగించు ఏర్పాటు కావలెను. బొగ్గుకంటె ఇవి మేలనుట నిజము. అయినను, మేలు ఒకరికిని కీడు వేరొకరికిని కలుగకుండ పంచుట యంత్రము పని కాదు; మనుష్యుల పని.

ఈ దృష్టితో చూచినచో ఏటూరునాగారము వంటి అటవీ ప్రాంతమునకు ఎండ మంచి నేస్తము. దట్టమైన అడవిలో స్తంభములు పాతి, తీగలు లాగవలెనన్నచో చెట్లను తొలగింపవలెను. గాలివానకు కొమ్మ విరిగి తీగపై పడినచో ఊరంతయు చీకటి యగును. సౌరఫలకము ఉన్నచోటనే విద్యుత్తును పుట్టించును. పైరునకు నీరు ఎక్కువగా కావలసినది ఎండ కాయునప్పుడే. సౌరపంపు ఎక్కువగా తోడునదియు అప్పుడే. అందుచేత తెలంగాణ ప్రభుత్వము 2025 మే నెలలో నాగర్‌కర్నూలు జిల్లా మాచారములో ‘ఇందిర సౌర గిరి జల వికాసము’ అను పథకమును ఆరంభించెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము ప్రకారము పట్టాలు పొందిన గిరిజనుల భూములు 6 లక్షల ఎకరములకు సౌరపంపులతో నీరందించుట దాని లక్ష్యము. ఇందును జాగ్రత్త కావలెను. ఎండకు వెల లేదుగదా యని పంపును రోజంతయు విడిచిపెట్టినచో, భూగర్భజలము అడుగంటును. ఎండ తరుగదు గాని, బావి తరుగును.

బాలలారా! మీ యింటి గోడకు తగిలించిన మీటరును ఒకసారి పరిశీలింపుడు. నేడు కనబడిన అంకెను వ్రాసికొని, వారము గడచిన పిదప మరల చూడుడు. రెండింటి తేడాయే మీ కుటుంబము వాడిన యూనిట్లు. ఒక్కొక్క యూనిటు వెనుక అరకిలోకు మించిన బొగ్గు కాలియుండవచ్చును. లేక ఒక ఏటి నీరు దిగియుండవచ్చును. లేక ఒక ఎండపూట గడచియుండవచ్చును. గదిలో ఎవరును లేనప్పుడు దీపమును ఆర్పినచో, ఆ యూనిటు పుట్టనక్కరలేదు. ఖర్చుకాని శక్తికంటె చౌకయైన శక్తి వేరొకటి లేదు.

గోదావరి ఎగువన నీటిమీద ఎండ విద్యుత్తు పుట్టుచున్నది. దిగువన భూమిలోని వేడినీటినుండి విద్యుత్తు పుట్టుచున్నది. నడుమ ఏటూరునాగారపు అడవి ఏటేటా చిగుర్చుచున్నది. ఆకును కోసికొని చెట్టును కాపాడుకొను నేర్పు ఈ అడవిలోని వారికి ఏనాడో తెలిసియున్నది. దేశమంతయు నేడు ఆ నేర్పునే అభ్యసింపవలసియున్నది.